గొడుగు లైటు, గుప్పెట్లో కెమెరా

బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ తన ప్రకటనల్లో అభ్యర్థి ఫోటో ఎలా ఉండాలో చెబుతుంది. వెనక లేత రంగు, వీలైతే తెలుపు ఉండాలి. ముఖం మీద గాఢమైన నీడలు పడకూడదు. ఫ్లాష్ వాడితే కళ్లు ఎర్రబడకూడదు. కళ్లద్దాలుంటే వాటిలో మెరుపు కనబడకూడదు. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివే పిల్లలు వీటిని నిబంధనలుగా చదువుకుని పక్క సందులోని స్టూడియోకు నడుస్తారు. ఫోటోల మీద కాస్త మక్కువ ఉన్నవాళ్లకు మాత్రం ఇది మామూలు ఫోటోలో దొర్లే తప్పుల పట్టికలా కనబడుతుంది. ఆ తప్పులను దిద్దే సంప్రదాయాలు మనకు రెండున్నాయి. ఒకటి స్టూడియో, రెండోది జేబులో పట్టే డిజిటల్ కెమెరా.

మొదటిదాన్ని ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. గోడకు అద్దం, దారానికి కట్టిన దువ్వెన, తిరిగే స్టూలు, వెనక తెర, అటూ ఇటూ గొడుగు లైట్లు, ‘గడ్డం కొంచెం కిందికి’ అనే మాట: మెట్రో స్తంభాల వెంట దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ స్టూడియోలో అడుగుపెట్టినా ఇదే దృశ్యం. రెండోది అలా కాదు. ఒకప్పుడు పెళ్లికీ యాత్రకూ వెంట తిరిగి, సెల్‌ఫోన్ వచ్చాక బీరువా సొరుగులోకి చేరి, ఈ మధ్య కాలేజీ పిల్లల చేతుల్లో మళ్లీ మెరుస్తున్నది. సొరుగులోంచి దాన్ని బయటికి తీసినవాళ్లకు దాని గుణం తెలుసు గానీ గుట్టు తెలియదు. అందుకే దాని గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకోవాలి.

హైదరాబాద్ స్టూడియోది పెద్ద వంశం. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో కూడా తెరిచాడు. అది గాజు పలకల కాలం. వెలుతురును తెరలతో అదుపు చేయడం, కూర్చున్న మనిషిని కదలకుండా ఉంచడం, తర్వాత నెగెటివ్‌ను చేత్తో దిద్దడం ఆనాటి స్టూడియోల మూడు విద్యలు. పరికరాలు మారాయి గానీ, నేడు కొత్తపేటలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే మనిషి చేసేవీ ఆ మూడు పనులే.

చిన్న కెమెరాది పొట్టి వంశం. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోల పైచిలుకు బరువుండేది. పదివేల పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 2010 వచ్చేసరికి ప్రపంచం మొత్తం మీద ఒక్క ఏడాదిలో 12 కోట్ల డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. వాటిలో చాలా ఎక్కువ భాగం జేబు కెమెరాలే. 2023లో అన్ని రకాలూ కలిపినా 80 లక్షలు లేవు. స్టూడియో తరాల తరబడి నిలదొక్కుకుంటే, చిన్న కెమెరా ఒక్క తరంలోనే పుట్టి, పెరిగి, చిక్కిపోయింది. అయినా రెండింటికీ ఎదురయ్యే చిక్కులు ఒక్కటే. దిద్దే పద్ధతిలోనే తేడా.

ఎర్రకళ్లతో మొదలుపెడదాం. మసక వెలుతురులో కంటిపాప విప్పారుతుంది. లెన్సు పక్కనుంచి వచ్చిన ఫ్లాష్ వెలుగు ఆ పాపలోంచి లోపలికి పోయి, వెనక రక్తనాళాలు నిండిన పొరను తాకి, పోయిన దారినే తిరిగి లెన్సులోకి వస్తుంది. ఆ పొర ఎరుపే ఫోటోలో పడుతుంది. చిన్న కెమెరాలో ఫ్లాష్‌కూ లెన్సుకూ మధ్య ఎడం అంగుళమో అంగుళన్నరో. దాన్ని జేబులో పట్టేలా చేసిన ఆ పొట్టితనమే ఎర్రకళ్లకూ కారణం. స్టూడియోలో గొడుగు లైటు లెన్సుకు నాలుగడుగుల పక్కన, మనిషి తలకంటే ఎత్తున ఉంటుంది. కంటిలోంచి తిరిగొచ్చే వెలుగు ఆ లైటు వైపే పోతుంది, లెన్సు వైపు రాదు. అందువల్ల స్టూడియోకు ఈ తప్పును దిద్దాల్సిన అవసరమే రాదు. చిన్న కెమెరా మాత్రం దానికో ఉపాయం పన్నింది. ఫ్లాష్ మెనూలో కంటి గుర్తున్న పద్ధతిని ఎంచుకుంటే అసలు ఫ్లాష్‌కు ముందు ఒక చిన్న వెలుగు మెరిసి, కంటిపాపను ముడుచుకునేలా చేస్తుంది. ఆ మొదటి మెరుపుకే ఫోటో అయిపోయిందనుకుని జనం కదిలిపోవడం దీనితో వచ్చే కొత్త చిక్కు. ‘రెండో మెరుపు దాకా కదలొద్దు’ అని ముందే చెప్పాలి. అంతకంటే మంచి మందు గదిలో దీపాలన్నీ వేయడం. పాపలు వాటంతటవే ముడుచుకుంటాయి.

గోడ మీద నీడ, కళ్లద్దాల్లో మెరుపు కూడా ఆ ఫ్లాష్ సంతానమే. స్టూడియో తెర మీదికి విడిగా ఒక దీపం వేసి నీడను చెరిపేస్తుంది. ఇంట్లో రెండో దీపం లేనివాళ్లు మనిషిని గోడకు మూడు నాలుగు అడుగుల ముందుకు జరిపితే నీడ అంతగా కనబడదు. కళ్లద్దాల విషయంలోనూ ఇద్దరిదీ ఒకే లెక్క. వెలుగు ఏ కోణంలో తగిలితే ఆ కోణంలోనే తిరిగి వెళుతుంది కాబట్టి స్టూడియో దీపాన్ని పైకెత్తుతుంది, చిన్న కెమెరా పట్టుకున్నవాడు ఎదుటి మనిషిని గడ్డం కాస్త దించమంటాడు. అమెరికా వీసా అధికారులు ఈ గొడవంతా ఎందుకనుకున్నారేమో, 2016 నవంబరు 1 నుంచి వీసా ఫోటోలో కళ్లద్దాలే వద్దన్నారు.

ఇక నల్లబడ్డ ముఖం. చిన్న కెమెరా వెలుతురును కొలిచేటప్పుడు ఎదుట ఉన్నదంతా కలిపితే ఓ మధ్యరకం బూడిద రంగు వస్తుందని లెక్క వేసుకుంటుంది. తెల్లగోడ ముందు నిలబెడితే ‘వెలుగు ఎక్కువైంది’ అనుకుని మొత్తం ఫోటోను తగ్గిస్తుంది. గోడ బూడిద రంగుకు దిగుతుంది, దానితోపాటు ముఖమూ నల్లబడుతుంది. నల్లకోటు వేసుకున్న పెళ్లికొడుకు దగ్గర ఇదే లెక్క తిరగబడి ముఖం తెల్లగా పేలిపోతుంది. ఐబీపీఎస్ సూచనల్లో ఇక్కడో తమాషా ఉంది. ఎండలో తీస్తే సూర్యుడు అభ్యర్థి వెనక ఉండాలి, లేదా నీడలో నిలబడాలి అంటుంది. కళ్లు చికిలించకుండా ఉండటానికి అది మంచి సలహాయే. కానీ సూర్యుణ్ణి వెనక పెట్టుకున్న మనిషిని చిన్న కెమెరాకు అప్పగిస్తే చుట్టూ ఆకాశం వెలుగుతుంది, నడుమ ముఖం మసిబారుతుంది. సలహాలోని రెండో సగమే చిన్న కెమెరాకు పనికొస్తుంది.

ఈ తప్పుకు స్టూడియో మందు దీపం. చిన్న కెమెరాకు రెండు మందులున్నాయి. మొదటిది పట్టపగలు ఫ్లాష్ వేయడం. వినడానికి వింతగా ఉన్నా, ఎదురెండలో ముఖాన్ని వెలిగించేది అదే. ఆటోలో వదిలేస్తే కెమెరా పగటిపూట ఫ్లాష్ వేయకపోవచ్చు, మనమే బలవంతంగా వేయించాలి. రెండోది ప్లస్సు, మైనస్సు గుర్తులున్న మీట. తెల్లగోడ ముందు ప్లస్ ఒకటి, నల్లకోటు ముందు మైనస్ ఒకటి చాలు. ఆ మీటను చాలామంది ఏళ్ల తరబడి ముట్టుకోనే ముట్టుకోరు. ఇవేవీ వద్దనుకుంటే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద సహజమైన స్టూడియో ఒకటుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో తెరుచుకున్న నాటికే ఆ వంతెన రోడ్డు నడుమ పొడవాటి నీడను పరిచింది. ఆ నీడ అంచున, ఎండ ఉన్న వైపుకు ముఖం తిప్పి నిలబడితే గొడుగు లైటులాంటి మెత్తని వెలుగు ముఖం మీద పడుతుంది. అదే మనిషి వెనక్కి తిరిగి ఎండను వీపున పెట్టుకుంటే మళ్లీ మసిముఖమే.

మూడో తప్పు మసక. మనవాళ్లు ‘ఫోటో షేక్ అయింది’ అంటారు గానీ అందులో మూడు రకాలు కలిసి ఉంటాయి. చేయి కదలడం ఒకటి, మనిషి కదలడం ఒకటి, ఫోకస్ వెనక గోడ మీదికి పోవడం ఒకటి. స్టూడియో మూడింటినీ ఒకేసారి కట్టడి చేస్తుంది. కెమెరా స్టాండు మీద, మనిషి స్టూలు మీద ఉంటారు, ఫ్లాష్ వెలుగు సుమారు సెకనులో వెయ్యోవంతు కాలం మాత్రమే మెరిసి కదలికను అక్కడికక్కడ ఆపేస్తుంది. చిన్న కెమెరాకు ఆ సుఖం లేదు. దాని సెన్సార్ చాలామట్టుకు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. పాత రీలు కెమెరా ఫ్రేము 36 మిల్లీమీటర్లకు 24. విస్తీర్ణంలో ముప్పై రెట్ల తేడా. అంత చిన్న కిటికీలోంచి చాలినంత వెలుతురు పట్టాలంటే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అప్పుడు చేయి వణుకు ఫోటోలో పడుతుంది. లేదా వెలుతురుకు సెన్సార్ స్పందించే తీరును, అంటే ఐఎస్‌ఓను పెంచాలి, అప్పుడు ఫోటో అంతా ఇసుక చల్లినట్టవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర గురువారం సాయంత్రం దీపాల వెలుగులో ఫ్లాష్ లేకుండా తీసి చూస్తే ఈ రెండు కష్టాలూ ఒకే ఫోటోలో దొరుకుతాయి.

ఇక్కడ చిన్న కెమెరా మనకే పని చెబుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. గోడ మీదో గేటు దిమ్మె మీదో కెమెరా పెట్టి రెండు సెకన్ల టైమర్ వేస్తే మీట నొక్కే కుదుపు కూడా పోతుంది. జూమ్ తగ్గించి రెండడుగులు ముందుకు వెళ్లాలి. ఎందుకంటే మామూలు చిన్న కెమెరాలో జూమ్ చివరికి వెళ్లేసరికి లెన్సులోకి వచ్చే వెలుతురు నాలుగోవంతుకు పడిపోతుంది, పైగా చేయి వణుకు పెద్దదై కనబడుతుంది. వనస్థలిపురం హరిణ వనస్థలిలో కృష్ణజింకను డిజిటల్ జూమ్‌తో దగ్గరికి లాగినవాళ్లకు దక్కేది గోధుమరంగు మచ్చే. డిజిటల్ జూమ్ జింకను దగ్గరికి తేదు, ఉన్న బొమ్మలో నడిమి ముక్కను కోసి సాగదీస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది సగం నొక్కుడు. మీటను సగం వరకు నొక్కి, ఆకుపచ్చ పెట్టె ముఖం మీదికి వచ్చాక మిగతా సగం నొక్కాలి. ‘నొక్కాక చాలాసేపటికి పడుతుంది’ అని చిన్న కెమెరా మీద అందరూ చేసే ఫిర్యాదు ఈ ఒక్క అలవాటుతో సగానికి పైగా తీరిపోతుంది. స్టూడియో మనిషిని కదలనివ్వదు, చిన్న కెమెరా మనిషి కదలబోయే క్షణానికి ముందే సిద్ధంగా ఉండమంటుంది.

రంగు దగ్గర, స్టూడియో గడప దాటితే ఇద్దరికీ సమానంగా తలనొప్పి. స్టూడియో ఫ్లాష్ వెలుగు దాదాపు మధ్యాహ్నపు ఎండ రంగులో, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. బయటి వెలుగును రానివ్వకపోవడమే స్టూడియో ఉపాయం. చిన్న కెమెరా వెళ్లే చోట్లలో అలా కుదరదు. ఫంక్షన్ హాల్లో వేదిక మీద పసుపు దీపాలు, పక్కన ట్యూబ్‌లైట్లు, ద్వారం దగ్గర రంగుల ఎల్‌ఈడీలు ఉంటాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ వీటి మధ్య పడి నలిగిపోతుంది, పెళ్లికూతురి చీర ఒక ఫోటోలో గులాబీగా, మరో ఫోటోలో నారింజగా పడుతుంది. తెల్లకాగితాన్ని అదే వెలుతురులో కెమెరాకు చూపించి ‘ఇదే తెలుపు’ అని నేర్పడం దీనికి మందు. ఆ వసతి చాలా చిన్న కెమెరాల మెనూలో ఉంటుంది. అలాగే స్టూడియోవాళ్లకు కూడా ఆ హాల్లోకి అడుగుపెట్టాక ఇదే తెల్లకాగితం గతి. తన నాలుగు గోడలు దాటిన స్టూడియో చిన్న కెమెరాతో సమానమైపోతుంది.

ముఖం ఆకారం సంగతి వేరు. చిన్న కెమెరాను జూమ్ లేకుండా ముఖానికి రెండడుగుల్లో పెడితే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. లెన్సు చెడ్డదని తిట్టుకుంటారు గానీ తప్పంతా దూరానిది. వెలుతురు బాగున్నచోట ఐదారు అడుగులు వెనక్కి జరిగి, కెమెరాను కళ్ల ఎత్తున పెట్టి, ఆప్టికల్ జూమ్‌తో దగ్గరికి తెచ్చుకుంటే స్టూడియో ఫోటోకూ దీనికీ ఆకారంలో తేడా ఉండదు. స్టూడియోవాళ్లు స్టూలుకూ స్టాండుకూ మధ్య ఆ ఎడం ఉంచుకున్నది ఇందుకే. ఆ ఒక్క కొలత తెలిస్తే స్టూడియో విద్యలో పావు వంతు ఇంటికి వచ్చినట్టే.

ఇంతవరకూ షట్టర్ పడక ముందు మాట. పడ్డాక చేసే దిద్దుబాటులో స్టూడియోదే పైచేయి, అది కొత్తదేమీ కాదు. గాజు పలకల కాలం నుంచీ రీటచింగ్ చేసేవాళ్లు నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గీసేవారు. నెగెటివ్‌లో వెలుగు చీకట్లు తారుమారై ఉంటాయి కాబట్టి పెన్సిల్ గీత ప్రింటులో తెల్లబడి ముడతనూ మొటిమనూ మాయం చేసేది. నల్లగా చేయాలంటే కత్తిమొనతో పొరను గీకేవారు. 1990లో ఫోటోషాప్ వచ్చింది, 2002 నాటి దాని ఏడో రూపంలో హీలింగ్ బ్రష్ చేరింది. పెన్సిల్ చేసే పని మౌస్ చేతికి వచ్చింది. చిన్న కెమెరాలో కూడా ఎర్రకన్ను తీసే పని, వంకరను సరిచేసే పని, చీకటిని తేల్చే పని మెనూలో ఉంటాయి గానీ, రెండంగుళాల తెర మీద చేసే పని అంతంతమాత్రమే. దరఖాస్తు ఫోటో విషయంలో మరో అడ్డంకి ఉంది. ఐబీపీఎస్ కోరేది 200కు 230 పిక్సెళ్లు, ఫైలు 20 నుంచి 50 కేబీ. అంటే మొత్తం 46 వేల పిక్సెళ్లు. కోటి పిక్సెళ్ల కెమెరా అని గొప్పగా కొన్నది చివరికి 46 వేలలో ఇమడాలి. ముఖం చెడకుండా అలా కుదించే నేర్పు దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోల్లోని కంప్యూటర్ కుర్రాళ్లకు వేళ్ల చివర ఉంటుంది.

రెండు సంప్రదాయాలూ కలిసి ఒకే తప్పులో పడే చోటు కూడా ఒకటుంది. స్టూడియోలో అడగకుండానే ముఖాన్ని రెండు ఛాయలు తెల్లబరుస్తారు. అలాగే చిన్న కెమెరాల్లోనూ కొన్నిటికి ‘బ్యూటీ’ పద్ధతి పెట్టి చర్మాన్ని నునుపు చేసి, రంగు తేల్చి చూపించారు. ఎదురెండలో నల్లబడ్డ ముఖాన్ని తేల్చడం వెలుతురు చేసిన తప్పును దిద్దడం. చామనఛాయ ముఖాన్ని తెల్లబరచడం మాత్రం లేని తప్పును కల్పించి దాన్ని దిద్దడం. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఫోటోనూ మనిషినీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఆ తేడా అభ్యర్థి మీదికే వస్తుంది. అమెరికా వీసా నియమాలు కూడా ముఖాన్ని కంప్యూటర్లో మార్చిన ఫోటోను ఒప్పుకోవు. పాత రీటచింగ్‌వాళ్లకూ ఈ జబ్బు లేదనలేం. తెల్లతోలు మీద మోజు ఫోటోషాప్‌తో పుట్టింది కాదు.

తూకం వేస్తే ఇలా తేలుతుంది. స్టూడియో వెలుతురును తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది, మన తరఫున ఆలోచిస్తుంది, తప్పు ఎక్కడ జరగబోయిందో మనకు తెలియనివ్వదు. చిన్న కెమెరా వెలుతురు ఎలా ఉంటే అలా తీసుకుంటుంది, తప్పును తెర మీద అప్పటికప్పుడే చూపిస్తుంది, దిద్దే పనిని మన చేతికి వదిలేస్తుంది. స్టూడియో ఫలితాన్ని ఇస్తే చిన్న కెమెరా చదువు చెబుతుంది. ఫలితానికి డబ్బు కట్టాలి, చదువుకు ఓపిక కావాలి. రెండింటి దగ్గరా పనిచేసే సూత్రం ఒకటే: షట్టర్ పడక ముందు దిద్దింది నిలుస్తుంది, పడ్డాక దిద్దింది తప్పును కప్పిపుచ్చుతుంది. గొడుగు లైటును జరపడం, మనిషిని గోడకు ముందుకు జరపడం ఒకే తెలివికి రెండు రూపాలు.

కాబట్టి దరఖాస్తుకూ వీసాకూ స్టూడియోకే వెళ్లండి. కొలతలూ కేబీలూ వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియవు. పండుగకూ ప్రయాణానికీ సొరుగులోని చిన్న కెమెరా తీయండి. మీటను సగం నొక్కడం, ఎదురెండలో ఫ్లాష్ వేయడం, ప్లస్ మైనస్ మీటను వాడటం నేర్చుకుంటే చెడిపోయే ఫోటోల్లో చాలావాటిని కాపాడుకోవచ్చు. స్టూడియో కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చోగానే మాత్రం ఒక మాట చెప్పండి: ‘నీడ తీసెయ్ తమ్ముడూ, రంగు మాత్రం నాదే ఉండనివ్వు.’